మడతపెట్టిన తొడుగు

నా తమ్ముడి రాతలు పోయింది సోమవారం. లాంచీ మునిగి తమ్ముడు పోయి అప్పటికి ఏడు నెలలు.

ఆ ఉదయం విచారణ అధికారి ముందు మేం ముగ్గురం కూర్చున్నాం. నేను, తమ్ముడి భార్య అయిన మా మరదలు, తమ్ముడి స్నేహితుడు రేడియో. లాంచీ మునగడానికి దాన్ని నడిపిన సరంగు నిర్లక్ష్యమే కారణమని కంపెనీ వాళ్ళు చదివి వినిపించారు. ఆ సరంగు నా తమ్ముడు. అడుగుపలక కుళ్ళిందని అతను మా సర్వర్‌లో ముందు నుంచీ రాస్తూనే ఉన్నాడనీ, మేనేజరు దానికి జవాబు కూడా ఇచ్చాడనీ నేను చెప్పాను. మేం అచ్చు వేసి తెచ్చిన కాగితాలను అధికారి తిరగేసి పక్కకు పెట్టాడు.

“ఇలాంటివి ఎవరైనా తయారు చేయొచ్చు మాస్టారూ. గురువారం మీ సర్వర్‌లోనే తెరిచి చూపించండి. నా కళ్ళతో చూస్తాను,” అన్నాడు.

న్యాయమైన మాటే. కాస్త ధైర్యంతోనే ఇంటికి వచ్చాం. వచ్చేసరికి మరదలి ఇంటి గడియ విరిగి ఉంది. సర్వర్ పెట్టె లేదు.

సర్వర్ అంటే పెద్దదేమీ కాదు. ఒక ఆఫీసు వాళ్ళు పారేసిన పాత కంప్యూటర్. రేవు కార్మికులకు ఇదివరకు ఒక పెద్ద సోషల్ మీడియాలో గ్రూపు ఉండేది. కంపెనీ ఫిర్యాదు చేస్తే ఒక్క పూటలో మూసేశారు. ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియలేదు. అప్పుడు రేవు దగ్గర రేడియోలూ ఫోన్లూ బాగుచేసే అతను, “అద్దె కొంపలు మనకెందుకు? మన ఇల్లు మనమే కట్టుకుందాం,” అన్నాడు. అందరూ అతన్ని రేడియో అనే పిలుస్తారు. తమ్ముడూ అతనూ కలిసి ఆ పెట్టెను మరదలి కుట్టుమిషను పక్కన బల్ల మీద పెట్టారు. పేరు కోసం వారం రోజులు కొట్టుకున్నారు. ఎందుకంటే ఒకసారి పెట్టిన పేరు మార్చడానికి వీల్లేదట. చివరికి మరదలు చెప్పిన పేరే ఖాయమైంది. ఒడ్డు.

మరదలు దర్జీ. దుమ్ము పడకుండా పెట్టెకు నీలం గుడ్డతో తొడుగు కూడా కుట్టింది. పాస్‌వర్డ్ ముగ్గురికే తెలుసు: తమ్ముడు, రేడియో, మరదలు. నేను చదివేవాణ్ణి, అంతే.

మంగళవారం మధ్యాహ్నం నేను పిలిస్తే సర్వేయరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళు బీమా కంపెనీ తరఫున కాలిన గోదాములూ మునిగిన సరుకులూ చూసిన మనిషి. ఇప్పుడు సొంతంగా పరిశోధనలు చేస్తుంది. మరదలు పాపను తీసుకురావడానికి బడికి వెళ్ళింది. గదిలో నేనూ రేడియో ఉన్నాం.

ఆమె గడియను ఒక చూపు చూసి వదిలేసింది. బల్ల ముందు మాత్రం చాలాసేపు వంగి నిలబడింది.

“యూపీఎస్ మీట ఎవరు ఆపారు?”

“నేను కాదు,” అన్నాడు రేడియో.

“ఈ నెట్ వైరు ఎవరు తీశారు?”

“దొంగే తీసుంటాడు.”

“దొంగ పీకుతాడు. పీకితే ఈ చివరనున్న ప్లాస్టిక్ నాలుక విరగాలి. ఇది చక్కగా ఉంది. మీట ఆపి, నాలుక నొక్కి, నెమ్మదిగా తీశారు. మీ దొంగ నీకన్నా మర్యాదస్తుడు.”

రేడియో ముఖం మాడ్చుకున్నాడు. “అంటే నేనే తీశాననా?”

“అనలేదు. బ్యాకప్ సంగతి చెప్పు. ప్రతి వారం ఇంకో డిస్క్‌లోకి ఎక్కిస్తావట కదా. అదెక్కడ?”

“పాడైంది.”

“ఎప్పుడు?”

“మొన్న.”

“పాడైన డిస్క్‌ని పారేసే అలవాటు నీకు లేదు. నీ కొట్లో పాడైనవన్నీ మేకులకు వేలాడుతుంటాయి. వచ్చేటప్పుడు చూసే వచ్చాను. దీన్నీ చూపించు.”

అతను నా వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు.

“రేడియో,” అన్నాను. “ఏదైనా ఉంటే చెప్పు.”

“పాడవలేదు మాస్టారూ. శనివారం వదిన అడిగింది. అన్న ఫోటోలు పాపకి చూపించాలి, రెండు రోజులు ఇవ్వమంది. ఇవ్వనని ఎలా అంటాను? పెట్టెతో పాటు అదీ పోయింది. వదిన్ని అందరూ నిలదీస్తారని పాడైందన్నాను.”

“మంచిపని చేశావు,” అంది సర్వేయరమ్మ. “నీ మంచితనం వల్లే ఈపాటికి నీ మెడకు తాడు సిద్ధమై ఉంటుంది.”

ఆ మాట పూర్తి కాకముందే గుమ్మంలో ఎవరో దగ్గారు.

మాజీ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు లాంచీ కంపెనీకి పరిశోధకుడు. రేవులో అతన్ని సిల్కు అంటారు. గొంతు అలాంటిది. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, బూట్లతోనే లోపలికి వచ్చాడు.

“సర్వేయరమ్మగారే. మునిగిన ఓడల దగ్గర కనిపించేవారు. ఇప్పుడు పాత కంప్యూటర్ల దాకా దిగారా?”

“నువ్వూ అంతేగా. దొంగల్ని పట్టి జీతం తీసుకునేవాడివి. ఇప్పుడు పట్టకుండా తీసుకుంటున్నావు.”

అతను నవ్వాడు. “చెల్లెమ్మ లేదా?”

“బడికెళ్ళింది. చెల్లెమ్మ ఎప్పట్నించి?”

“కష్టంలో ఉన్న ఆడవాళ్ళంతా నాకు చెల్లెళ్ళే.”

“మరి కష్టపెట్టినవాళ్ళు ఏమవుతారు, బావలా?”

సిల్కు ఆమెను వదిలేసి నా వైపు తిరిగాడు. “మాస్టారూ, మీరు చదువుకున్నవాళ్ళు. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? బ్యాకప్ ఎవరి దగ్గరుండాలి? రెండూ ఈ రేడియోగారి దగ్గరే. సర్వర్ అమ్ముకున్నాడో, చూపించాల్సినవి అందులో అసలు లేవని భయపడ్డాడో నాకనవసరం. రేపు పొద్దున చెల్లెమ్మ స్టేషన్‌కి వచ్చి ఒక్క మాట చెబుతుంది. ఇతని మీద అనుమానమని. అంతటితో అయిపోతుంది.”

“వదిన అలా చెప్పదు,” అన్నాడు రేడియో.

“చూద్దాం.”

“అంత తొందరెందుకు?” అంది సర్వేయరమ్మ. “ముందు పెట్టె దొరకనీ. దాన్నే అడుగుదాం.”

“ఖాళీ పెట్టెని ఏం అడుగుతారమ్మా?” అన్నాడు సిల్కు. చెల్లెమ్మ వస్తే తను వచ్చి వెళ్ళానని చెప్పమని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సర్వేయరమ్మ అతని కారు చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది.

“విన్నారా మాస్టారూ? పెట్టె పోయిందని అందరికీ తెలుసు. అది ఖాళీ అని ఇతనికెలా తెలుసు?”

“ఎత్తుకెళ్ళినవాళ్ళు చెరిపేసి ఉంటారని ఊహించి ఉండొచ్చు,” అన్నాను. అలవాటుకొద్దీ రెండో వైపు కూడా చూస్తాను.

“ఉండొచ్చు. ఊహో, ఎరుకో తేల్చుకుందాం. రేడియో, మీ సర్వర్‌కి చుట్టాలున్నారా?”

“ఉన్నారు. ఒక్కో సర్వర్ ఒక్కో ఇల్లనుకోండి. మనం రాసింది పక్కింటి వాళ్ళు చదవాలంటే వాళ్ళింట్లోకి ఒక నకలు వెళ్తుంది. మనకి అలాంటి పక్కిళ్ళు చాలానే ఉన్నాయి.”

“అయితే పెట్టె పోతే మాత్రం ఏం? ఆ నకళ్ళు ఉండాలిగా.”

“అదే అర్థం కావడం లేదమ్మా. నిన్న సాయంత్రం అన్నిచోట్లా వెతికాను. ఒక్క ముక్క లేదు.”

“ఆ పక్కిళ్ళలో నీకు తెలిసినవాళ్ళకి ఫోన్ చెయ్యి.”

పక్క ఊళ్ళో ఒక లైబ్రేరియన్ సొంత సర్వర్ నడుపుతుంది. రేడియో ఫోన్ స్పీకర్ మీద పెట్టాడు.

“మేమేం చెరపలేదు నాయనా,” అందావిడ. “మీరు చెరపమంటేనే చెరిపాం. నిన్న పొద్దున ఎనిమిదింటి నుంచీ మీ ‘ఒడ్డు’ నుంచి ఒకటే ఆజ్ఞలు. ఫలానా ఖాతా తీసెయ్యండి, ఫలానా ఖాతా తీసెయ్యండి అని. ఒంటిగంట దాకా వస్తూనే ఉన్నాయి. పాపం, మూసేసుకుంటున్నారేమో అనుకున్నా. ఒక్క మాట చెప్పకుండా మూసేశారేంటని కోపం కూడా వచ్చింది.”

రేడియో ఫోన్ పెట్టేసి నేల మీద కూర్చుండిపోయాడు.

“ఏమిటది?” అన్నాను.

“మూత ఆజ్ఞ మాస్టారూ. సర్వర్‌ని శాశ్వతంగా మూసేటప్పుడు ఇచ్చేది. ఊరికే ఆగిపోదు. మా వాళ్ళ నకళ్ళన్నీ చెరిపేయండని పక్కిళ్ళన్నిటికీ కబురు పంపుతుంది. కబుర్లన్నీ చేరేదాకా పెట్టె నడుస్తూనే ఉండాలి. గంటలు పడుతుంది.”

“పొరపాటున నొక్కే వీలుందా?” సర్వేయరమ్మ అడిగింది.

“లేదు. సర్వర్ పేరు పూర్తిగా టైపు చెయ్యమంటుంది. చేస్తే తప్ప కదలదు.”

“ఎనిమిదింటికి నువ్వెక్కడున్నావు?”

“ప్రింటు షాపులో. కాగితాలు అచ్చు వేయిస్తున్నాం.”

“నాతోనే ఉన్నాడు,” అన్నాను. “ఏడున్నరకే వచ్చాడు. తొమ్మిదింటికి ఇద్దరం కలిసి వచ్చి మరదల్ని తీసుకెళ్ళాం.”

అన్నాక నా మాట నాకే వినిపించింది.

సర్వేయరమ్మ కుట్టుమిషను దగ్గరికి వెళ్ళింది. మిషను బల్ల మీద ఎవరివో కుట్టాల్సిన బట్టలు దొంతరగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఒక నీలం గుడ్డ ఉంది. నాలుగు మడతలు, అంచుకు అంచు సరిగ్గా కలిపి. నిన్నటి నుంచీ అది అక్కడే ఉంది. మేం ముగ్గురం దాని ముందు నుంచి ఎన్నిసార్లో తిరిగాం.

“పెట్టె తొడుగేనా ఇది?”

“అదే.”

“దీన్ని ఎప్పుడు తీస్తారు?”

రేడియో ఆ గుడ్డ అంచును వేలితో నిమిరాడు. 

“పెట్టెకి పని ఎక్కువైనప్పుడు తియ్యమని చెప్పాను,” అన్నాడు చివరికి. “వేడెక్కుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడు, బ్యాకప్ తీసేటప్పుడు. మామూలప్పుడు తియ్యం. వదిన అసలు మరిచిపోదు. మేమే మరిచిపోతే తిడుతుంది.”

“దొంగకి పెట్టె కావాలి. తొడుగుతోనే ఎత్తుకెళ్తాడు, లేదా లాగి నేల మీద పారేస్తాడు. కూర్చుని మడతపెట్టడు. ఇది దొంగ రాకముందే తీసింది. ఆ రోజు పెట్టెకి చాలా పని ఉంటుందని తెలిసినవాళ్ళు తీసింది.” ఆమె ఆ గుడ్డను నా చేతిలో పెట్టింది. “తొమ్మిదింటికి మీరు గుమ్మంలోకి వచ్చినప్పుడు ఏం చూశారు మాస్టారూ? తొందరేం లేదు.”

ఆలోచించుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. అంతా గుర్తుంది. మరదలు చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది. “ఒక్క నిమిషం బావగారూ,” అని మళ్ళీ లోపలికి వెళ్ళి బల్ల ముందు నిలబడింది. లోపలి నుంచి హోరు వినిపించింది. పెట్టెలో ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. విచారణకు వెళ్ళే ముందు తమ్ముడి మాటల దగ్గర సెలవు తీసుకుంటోందనుకున్నాను. నేను చూపు తిప్పుకుని ఆమెకు ఆ నిమిషం వదిలేశాను.

ఇదే సర్వేయరమ్మకు చెప్పాను.

“సెలవే తీసుకుంది,” అంది ఆమె నెమ్మదిగా. “ఒంటిగంటకి పని పూర్తయింది. రెండింటికి మీరు వచ్చారు. ఆ మధ్యలో సిల్కు మనుషులు వచ్చి, మీట ఆపి, వైరు తీసి, ఖాళీ పెట్టె పట్టుకెళ్ళారు. గడియ విరగ్గొట్టింది మీ కోసం. దొంగతనంలా కనిపించాలిగా. ఆమెకి ఆ ఆజ్ఞ నేర్పిందీ వాళ్ళే అయ్యుంటారు. నేర్పినవాడు తొడుగు మడతపెట్టొద్దని చెప్పలేదు.”

ఏడు నెలలుగా ఆ ఇంట్లో ఏ మాట వచ్చినా నేనూ మరదలూ కలిసే అనుకున్నాం. అధికారికి ఏం చెప్పాలో ఆమే నాకు వరుసగా చెప్పేది. ఏ రాత ముందు, ఏ రాత తర్వాత. ఆదివారం సాయంత్రం కూడా చెప్పింది. నేను తలూపుతూ విన్నాను. డిస్క్ అప్పటికే, శనివారమే ఆమె చేతికి వచ్చింది.

ఒడ్డు అని పేరు పెట్టిందీ ఆమే. ఆ పేరునే పూర్తిగా, తప్పు లేకుండా టైపు చేసింది.

“వదిన అలా చెయ్యదు,” అన్నాడు రేడియో మళ్ళీ. ఈసారి గొంతులో బలం లేదు. “ఎందుకు చేస్తుంది మాస్టారూ? అన్న పేరు నిలబెట్టే రాతలే కదా.”

“ఎందుకన్నది తర్వాత,” అంది సర్వేయరమ్మ. “ముందు ఒక్కటి చెప్పు. ఆ కబురు అందని ఇల్లు ఒక్కటైనా ఉందా? సర్వర్ పాడై పడుకున్నవాళ్ళో, ఊరు వెళ్ళినవాళ్ళో.”

“ఎవరూ లేరమ్మా. నిన్న వెతికినప్పుడు అన్నీ నడుస్తూనే ఉన్నాయి, అన్నిట్లోనూ చెరిగిపోయాయి.” అని, రేడియో తల ఎత్తాడు. “ఒకాయన ఉన్నాడు. పశువుల డాక్టరు. ఆయనకి అందదు.”

“ఎందుకందదు?”

“అన్నే తలుపేశాడు. అన్న ఆ కుళ్ళిన పలక ఫోటో పెట్టాడు చూడండి, దాని కింద మేనేజరు ‘సీజన్ అయ్యాక మారుద్దాం, ఈలోగా నడుపు’ అని రాశాడు. ఆ కిందే ఈ డాక్టరు, ‘ముసలి గేదె డొక్కలా ఉంది నీ లాంచీ, ఈత నేర్చుకుని ఎక్కాలి’ అన్నాడు. మేనేజరు మాటకి రాని కోపం అన్నకి ఈయన మాటకి వచ్చింది. లాంచీని తను తిట్టొచ్చు గానీ బయటివాడు తిట్టకూడదు. ఆ డాక్టరు సర్వర్ మొత్తంతో రాకపోకలు తెంచేశాడు. ఒక్క మనిషి కోసం ఇల్లంతా వెలేస్తావా అన్నా అని నేను మొత్తుకున్నాను. వినలేదు.”

“తెంచాక?”

“మన దగ్గర్నించి అటు ఏ కబురూ పోదు. మంచీ పోదు, చెడ్డా పోదు.” అతను లేచి నిలబడ్డాడు. “చెరపమన్న మాట కూడా పోదు.”

డాక్టరు ఫోన్ ఎత్తేసరికి వెనక పశువుల అరుపులు. రేడియో తడబడుతూ చెప్పాడు. 

“ఉంది,” అన్నాడు డాక్టరు. “ఫోటో ఉంది, మేనేజరు మాట ఉంది, నా వెటకారమూ ఉంది. నా సర్వర్‌లో నేనేదీ చెరపను. లాంచీ వార్త చదివాక ఆ గేదె మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి తెస్తాను.”

రేడియో నా చెయ్యి పట్టుకున్నాడు. తమ్ముడి కోపం తమ్ముడి మాటను కాపాడింది. ఏడు నెలల్లో మొదటిసారి తమ్ముడు నా పక్కన ఉన్నట్టనిపించింది.

“కానీ ఒక్క మాట,” అన్నాడు డాక్టరు. “నేను బయటివాణ్ణి. పైగా ఆయనతో గొడవపడ్డవాణ్ణి. ఈ నకలు నేనే తయారు చేశానంటారు. ఆ ఖాతా ఆయనదేనని, రాసింది ఆయనేనని, మీ సర్వర్ నడిపినవాళ్ళలో ఒకరు నిలబడి చెప్పాలి.”

ఫోన్ పెట్టేశాక లెక్క వేసుకున్నాను. నడిపినవాళ్ళు ముగ్గురు. ఒకరు లేరు. రెండో అతని మీద రేపు పొద్దున దొంగతనం మోపబోతున్నారు. ఆ తర్వాత అతని మాటకు విలువ ఉండదు. సిల్కు ఇదంతా ముందే చూసుకున్నాడు. మిగిలింది ఒక్కరే.

“నేను రేడియోని తీసుకుని డాక్టరు ఊరికి వెళ్తున్నాను,” అంది సర్వేయరమ్మ. “రేపు స్టేషన్ వాళ్ళకి ఇతను ఇక్కడ దొరక్కూడదు. ఆ సర్వర్ పక్కన కూడా ఎవరో ఒకరం ఉండాలి.”

“మరదల్ని మీరు అడగరా?”

“నేనడిగితే ఆమె నిందితురాలు. ఒక్క ముక్క రాదు. మీరడిగితే ఇంటి మనిషి. వస్తే వస్తుంది.” మెట్ల దగ్గర ఆగి, “కోపంగా మాత్రం అడక్కండి,” అంది.

వాళ్ళు వెళ్ళాక నేను కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాను. తొడుగు ఒళ్ళో ఉంది. కుట్టు సన్నగా, వంకర లేకుండా ఉంది.

కాసేపటికి మరదలు పాపతో వచ్చింది. పాప తన సంచీని గుమ్మంలో పడేసి, నన్ను చూసి కూడా పలకరించకుండా లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

“ఏమైందమ్మా?”

“బళ్ళో మళ్ళీ అన్నారు. ముంచినోడి కూతురని.” ఆమె సంచీ తీసి మేకుకు తగిలించింది. “సర్వేయరమ్మగారు వచ్చారా? ఏమైనా తేలిందా బావగారూ?”

“వచ్చి వెళ్ళింది.”

అప్పుడు నా ఒళ్ళో గుడ్డను చూసింది. ముఖంలో ఏమీ మారలేదు. దగ్గరికి వచ్చి, నా ఒళ్ళోంచి తీసుకుని, ఒక మూల కొంచెం జారితే సరిచేసి మళ్ళీ మడతపెట్టింది.

“రేపు పొద్దున నేను స్టేషన్‌కి వెళ్ళాలి. పాపని మీ దగ్గర ఉంచుకుంటారా?”

“ఏం చెప్పాలట?”

“వాళ్ళడిగింది.”

వంటింటి వైపు వెళ్ళబోయి ఆగింది. నా వైపు తిరగకుండానే అడిగింది.

“బావగారూ, పలక కుళ్ళిందని తెలియక నడిపితే నిర్లక్ష్యమంటారు. తెలిసి, రాసి పెట్టి, అయినా జనాన్ని ఎక్కించుకుని నడిపితే దాన్ని ఏమంటారు? హత్య అంటారని సిల్కుగారు చెప్పారు. మీరు కూడా ఒకసారి చెప్పండి.”

ఆ మాటకు సరైన జవాబు ఉంది. మేనేజరు ‘నడుపు’ అన్నాడన్నదే ఆ జవాబు. దానికి రుజువు డాక్టరు దగ్గర భద్రంగా ఉంది. కానీ ఆ రుజువు ఉందని పైకి చెబితే, నకలు ఎక్కడో మిగిలిందని ఆమెకు చెప్పినట్టే. ఆమెకు తెలిస్తే సిల్కుకు తెలుస్తుందో లేదో నాకు తెలియదు. మొన్నటి దాకా అయితే ఈ సందేహం నాకు వచ్చేది కాదు.

“పాప ఏమైనా తిందా?” అన్నాను.

ఆమె ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది.

స్టేషన్‌కి రేపు పొద్దున వెళ్తుంది. విచారణ ఎల్లుండి. మరదల్ని నేను ఇంకా ఏమీ అడగలేదు.